మట్టి ఏ ఊరిదని అడగలేదు

ఇరవై ఏళ్లు లాన్లు వేశాను. ఆ తర్వాత పన్నెండేళ్లు అవే లాన్లు పీకాను. వేసినప్పుడూ జనం టీ ఇచ్చారు, పీకినప్పుడూ ఇచ్చారు. రెండుసార్లూ "సుదర్శనం గారి చెయ్యి మంచిది" అని పక్కింటివాళ్లకు చెప్పారు. ఇంతకంటే విచిత్రమైన వృత్తి ఉంటుందా అని అప్పుడప్పుడు నాకే నవ్వొస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా, అటు వనస్థలిపురం కాలనీల్లోనూ, ఇళ్ల ముందు తోటలు వేయడం నా పని. మోకాళ్లు మొండికేశాక మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఫోన్లు చేసి డ్రిప్పు ఎట్లా పెట్టాలి, లాన్ బదులు ఏం వేయాలి అని అడుగుతుంటారు. తెలిసింది చెబుతాను. అసలు చెప్పాల్సింది మాత్రం ఫోన్లో చెప్పేది కాదు. నా దగ్గర కలుపు తీసే యాదమ్మ ఒక ఎండాకాలం పొద్దున నా ముందు నిలబడి, "గీ మట్టి గేటు దాటనియ్యకు సారూ, నీ కాల్మొక్త" అంది. ఆ మట్టి పోతే ఆమెకు ఈ భూమ్మీద ఇంకేమీ మిగలదు. ఆ సంగతి నాకు తెలిసేసరికి చెత్త మోసే ట్రాక్టర్ వచ్చి గేటు ముందు ఆగి ఉంది. అది రాయడానికే కూర్చున్నాను. మధ్యలో పని సంగతులూ చెబుతాను, ఓపిక పట్టండి.

పచ్చరంగు పిచ్చి

లాన్ అంటే ఏమిటో ముందు తెలుసుకోండి. మన ఎండలకు అది రోజుకు రెండు పూటలా తాగుతుంది. తాగి ఏమిస్తుంది? పువ్వా, కాయా, నీడా? ఏదీ ఇవ్వదు. పైగా వారం వారం క్షవరం చేయించుకుంటుంది. బోరు ఎండిపోయి, ట్యాంకర్ కోసం గేటు దగ్గర కాపలా కాసి, ఆ వచ్చిన నీళ్లలో సగం గడ్డికి పోసే ఇళ్లు ఎన్ని చూశానో. ఒకాయనతో ఉండబట్టలేక, "సార్, మీరు స్నానం మానేస్తారు గానీ గడ్డికి మాత్రం మానిపించరు" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. నన్ను మార్చాడు, గడ్డిని మార్చలేదు.

అయితే లాన్ తీసేయడం కూడా ఒక విద్యే. అది రాక నేను చేసిన మొదటి తప్పు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంట్లో జరిగింది. నీళ్లు మిగలాలి కదా అని గడ్డి మొత్తం పీకించి, గోడ నుంచి గోడ దాకా తెల్లటి గులకరాళ్లు పరిపించాను. ఫొటోలకు బ్రహ్మాండంగా వచ్చింది. చైత్రం రాగానే ఆ ఇంటి ముసలమ్మ తులసికోట దగ్గరికి పోవాలంటే గంతులు వేయాల్సి వచ్చింది. "ఏంది నాయినా, నన్ను పెనం మీద నడిపిస్తున్నవ్!" అని నన్ను పిలిపించి మరీ తిట్టింది. న్యాయమే కదా. ఆ రాళ్ల వేడికి గోడలు కూడా రాత్రంతా సెగలు కక్కాయి. వాళ్లు ఏసీ వేసుకున్నారు. నేను మిగిల్చిన నీళ్లు అట్లా పోయాయి.

అప్పటినుంచి నా పద్ధతి ఒకటే. ముందు నీడ, తర్వాత నేల మీద పాకే మొక్క, ఆ తర్వాత ఎండుటాకుల పరుపు. రాయి నడిచే దారికి మాత్రమే. ఒక మూల తంగేడు, ఒక మూల నందివర్ధనం, మధ్యలో నిమ్మగడ్డి దుబ్బులు, అంచుల్లో కలబంద, ఎండ తగిలే చోట గడ్డిగులాబీ. వానకాలంలో పడ్డ నీరు వీధిలోకి పోకుండా వాలు చూసి ఒక ఇంకుడు గుంత. ఇంతే. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. మొదటి ఏడాది కాస్త చూసుకుంటే ఆ తర్వాత మనం లేకపోయినా బతుకుతాయి.

పెద్దాయన నేర్పిన పాఠం

నేను మొదట పనిచేసింది రోడ్డు పక్క ఒక నర్సరీలో. యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్లం. మంచి మనిషి. కూలీలతో పాటు కింద కూర్చుని అన్నం తినేవాడు. మట్టి విషయంలో ఆయన్ని మించినవాణ్ని నేను చూడలేదు. ట్రాక్టర్ రాగానే గుప్పెడు తీసి నలిపి, వాసన చూసి, నాలుక మీద వేసుకునేవాడు. ఉప్పగా ఉంటే ఉమ్మేసి బండి వెనక్కి పంపేవాడు.

ఆయన నాకు నేర్పిన మాట ఇది: "సుదర్శనం, మట్టికి రంగు చూడు, వాసన చూడు, రుచి చూడు. ఊరు మాత్రం అడగకు. ఊరడిగితివా, పని ఆగిపోతది."

ఎందుకు ఆగుతుందో చెప్పనక్కర్లేదు. ఆ మట్టి ఎవరి చెరువులోదో, ఎవరి గుట్టదో, ఎవరి పొలం గట్టుదో. అడిగితే జవాబు వినాలి, వింటే వద్దనాలి. నేను అడగలేదు. ముప్ఫై రెండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. అది తెలివి అనుకున్నాను.

నాకు మట్టి తెచ్చేవాడు భిక్షపతి. బాటసింగారం దాటి లోపలికి పోయే ఊళ్లవైపు నుంచి ఎర్రమట్టి తోలేవాడు. కూలీలను తెచ్చేదీ వాడే. తెల్లారి ట్రాక్టర్ నింపుకుని, దారిలో కూలీలు పనికోసం నిలబడే ఊరి అడ్డ దగ్గర ఆడవాళ్లను ఎక్కించుకుని వచ్చేవాడు. వాళ్లు ఆ మట్టి లోడు మీదే కూర్చుని, కొంగు తలకు చుట్టుకుని, మాట్లాడుకుంటూ వచ్చేవాళ్లు. ఒక్క బండికే మట్టీ, మనుషులూ వచ్చేస్తున్నారని మేం సంతోషపడేవాళ్లం. యాదమ్మ అట్లా వచ్చిందే. తర్వాత మా వీధి వెనక బస్తీలో గది కిరాయికి తీసుకుని, నా దగ్గరే ఉండిపోయింది.

గడ్డి పట్టని మూల

ప్రసాదరావు గారు ఒక కోచింగ్ కాలేజీలో లెక్కల లెక్చరర్. భార్య మహాలక్ష్మి గారు బ్యాంకులో చేసేవారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఎల్‌బీ నగర్ దగ్గరి ఒక కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. నేను చెబుతున్న ఎండాకాలానికి పదకొండేళ్ల ముందు వాళ్ల ఇంటి ముందు లాన్ వేసింది నేనే. చక్కగా వచ్చింది, ఒక్క మూల తప్ప. తూర్పు గోడ పక్కన, చేటంత జాగాలో, గడ్డి పట్టలేదు. మళ్లీ వేశాను, చచ్చింది. మట్టి మార్చకుండా ఎరువు మార్చాను, చచ్చింది. ల్యాబుకు పంపితే ఉప్పు ఎక్కువుంది అన్నారు. బోరు నీళ్ల ఉప్పు అని తేల్చేశాను. అదే బోరు నీళ్లు తోటంతా పారుతున్నాయి కదా, మిగతా చోట ఎందుకు లేదు అని ప్రసాదరావు గారు అడిగారు. లెక్కల మాస్టారు కదా, అడుగుతారు. నేనేదో చెప్పి తప్పించుకున్నాను. ఉప్పు రెండు మూడు వానలకు కడిగిపోవాలి. అది పదకొండు వానకాలాలకూ పోలేదు. ఎందుకు పోలేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆ ఇంటికి కలుపు తీయడానికి పోయేది యాదమ్మ. వేరే ఎవర్నైనా పంపుతానంటే ఒప్పుకునేది కాదు. మా కూలీలకు అమావాస్య సెలవు. ఆ రోజు ఎవ్వరూ పనిలోకి రారు. యాదమ్మ మాత్రం సరిగ్గా అమావాస్య రోజే ఆ ఇంటికి పోయేది. కష్టపడే మనిషి అనుకున్నాను. అంతకుమించి ఆలోచించే అలవాటు నాకు అప్పుడు లేదు.

మహాలక్ష్మి గారు రిటైరై ఇంట్లో ఉండడం మొదలైన ఏడాది వేసవిలో నాకు ఫోన్ చేశారు. గొంతు తగ్గించి మాట్లాడారు. "సుదర్శనం గారూ, ఒక్కసారి రాగలరా? ఆయన కాలేజీకి వెళ్లాక రండి."

వెళ్లాను. ఆవిడ నన్ను తూర్పు మూలకు తీసుకెళ్లి చూపించారు. గడ్డి లేని ఆ జాగాలో మోదుగాకు ముక్క, దాని మీద రెండు బిస్కెట్లు, ఎండిపోయిన పాల మరక. చీమలు బారులు తీరి ఉన్నాయి.

"ఇది నాలుగో అమావాస్యండీ. ప్రతిసారీ ఉంటోంది. ఎవరో చేతబడి చేస్తున్నారు. ఇక్కడివాళ్లు బాణామతి అంటారట కదా. పనిమనిషిని అడిగితే చూసి పరిగెత్తింది, మళ్లీ రాలేదు. ఇంకో సంగతి చెప్పనా, నన్ను పిచ్చిదానిలా చూడకండేం. మధ్యాహ్నం మోటారు ఆపాక, వీధంతా సద్దుమణిగాక, ఇక్కణ్నుంచి చిన్న గజ్జె చప్పుడు వినిపిస్తుంది."

నేను నవ్వాను. స్ప్రింక్లర్ విప్పి చూపించి, లోపల వాషర్ వదులైంది, అదే గలగలమంటుంది అని బిగించాను. ఆవిడ తల ఊపారు గానీ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. బిగించాక అరగంట వరండాలో కూర్చుని మజ్జిగ తాగాను. ఎండ నిలువునా పడుతోంది. వీధిలో కుక్క కూడా లేదు. మోటారు ఆగిపోయి ఉంది. ఒక్కసారి, ఒక్కసారే, ఎవరో పసిపిల్ల రెండడుగులు వేసి ఆగినట్టు వినిపించింది. మహాలక్ష్మి గారు నా ముఖమే చూస్తున్నారు. నేను గ్లాసు కింద పెట్టి, పనుందని లేచి వచ్చేశాను. భయపడ్డానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ సాయంత్రం ప్రసాదరావు గారు ఫోన్ చేశారు. "ట్యాంకర్లు పోసి పోసి విసుగొచ్చిందండీ. లాన్ తీసేద్దాం. మీరు చెబుతుంటారుగా, నీళ్లు తక్కువ తాగే మొక్కలు, అవి వేద్దాం. మా ఆవిడ మాత్రం మట్టి కూడా రెండడుగుల లోతు తీయించి బయట పడేయమంటోంది. కొత్త మట్టి పోయించండి."

సరేనన్నాను. చెత్త ట్రాక్టర్‌ను మాట్లాడాను. యాదమ్మకూ చెప్పాను.

ఆమె చేతిలో కొడవలి పట్టుకుని నిలబడిపోయింది. "గడ్డి పీకుండ్రి. మట్టి ఎందుకు సారూ?"

"వాళ్లిష్టం. నీకేంది యాదమ్మా?"

"గీ మట్టి గేటు దాటనియ్యకు సారూ, నీ కాల్మొక్త. ఆడనే ఒక పక్కకు కుప్ప వోద్దం. నేను ఒక్కదాన్నే మోస్త. కూలి గూడ వద్దు."

ఎందుకని అడిగితే చెప్పలేదు. నాకు చిరాకేసింది. ఎండ, ట్యాంకర్లు, చేతబడి గోల, మధ్యలో ఈమె ఒకతి. "ఓనరు ఎట్లంటే అట్ల చెయ్యాలె, మన పెత్తనం ఏంది?" అని గద్దించాను. ఆ గద్దింపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీదే అసహ్యం వేస్తుంది.

తూర్పు మూల తవ్విన రోజు

ఉదయం ఏడింటికి పని మొదలుపెట్టాం. గడ్డిని చాపల్లా చుట్టి గోడకు ఆనించాం. పదింటికల్లా తూర్పు మూలకు వచ్చాం. మొదటి పార దెబ్బకే టక్కుమని చప్పుడైంది. కుండ పెంకు. ఇంకో పారకు నల్లగాజు ముక్కలు వచ్చాయి. చంటిపిల్లలకు దిష్టి తగలకుండా తొడుగుతారే, ఆ గాజులు. నా బొటనవేలు కూడా పట్టనంత చిన్నవి. మట్టిలో అక్కడక్కడా తెల్లగా పొక్కులు కట్టి ఉంది. నేను చిటికెడు నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

ప్రసాదరావు గారు, మహాలక్ష్మి గారు వరండా మెట్ల మీద నిలబడి చూస్తున్నారు. గేటు బయట ట్రాక్టర్ ఇంజను నడుస్తోంది. మట్టి కుప్పగా పోశాం. ఇక తట్టలకు ఎత్తడమే. అప్పుడు యాదమ్మ వచ్చి ఆ కుప్ప మీద కూర్చుంది.

"లే యాదమ్మా" అన్నాను.

"లెవ్వను సారూ. నన్ను గూడ ఎత్తి గా బండ్ల పోయుండ్రి."

"ఏమైందే నీకు? ఎండదెబ్బ తగిలిందా?"

ఆమె పక్కన మట్టిలోకి చెయ్యి దూర్చింది. వెతకలేదు. చూడనైనా చూడలేదు. మన ఇంట్లో మన గూట్లో వస్తువు తీసుకున్నట్టు తీసి, అరచేతిలో పెట్టి చూపించింది. ఇత్తడి గజ్జె. ఒక్కటే. దానికి రాగి తీగ చుట్టి ఉంది.

మహాలక్ష్మి గారు మెట్లు దిగి వచ్చారు. ముఖం పాలిపోయింది. "ఆ బిస్కెట్లు పెడుతున్నది నువ్వేనా?"

"నేనేనమ్మా. పిల్లకు బిస్కెట్లంటే పానం."

"ఏ పిల్లకి?"

"నా బిడ్డకు. రేణుకకు."

ఆమె ఏడవలేదు. కూర్చున్నచోటే కూర్చుని, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పింది. రెండున్నరేళ్ల పిల్ల. పచ్చకామెర్లు వచ్చి, దవాఖానకు తీసుకుపోయేలోపే పోయింది. ఊరి బొందలగడ్డలో, శవాలను పూడ్చేచోట, పండబెట్టారు. మీద ఉప్పు పోశారు, అది వాళ్ల ఆచారం. గజ్జెలు తెంపుతామంటే ఈమె తెంపనియ్యలేదు. ముడి ఊడిపోతుందని పిల్ల బతికున్నప్పుడే వాళ్ల నాయన రాగి తీగతో చుట్టాడట.

"ఏడాదికి పెత్తరమాసకు, బిడ్డకు ఇంత పెట్టుకుందమని పోయిన. గడ్డ లేదు. పెద్ద గుంత ఉన్నది, నీళ్లు నిండినయి. ప్లాట్లు చేస్తందుకు సాపు చేసిండ్రట. మట్టి అమ్మిండ్రట. ఏడికి తోలిండ్రో ఎవలూ చెప్పలే. ఒగలు ఎరకలేదన్నరు, ఒగలు నోరు మూసుకోమన్నరు. నేను మల్ల సారు దగ్గరికి పనికి ఒచ్చిన. గీడ కలుపు తీస్తుంటే గిది నా యేళ్లకు తాకింది."

నేను అప్పటికీ అర్థం కానట్టు నిలబడ్డాను. "అంటే, భిక్షపతి తెచ్చిన మట్టి..."

"అవు సారూ. నేను మొదటిపారి పట్నం ఒచ్చింది గా లోడు మీదనే. నాకెర్క లేదు. నా బిడ్డ మీద కూసోని ఒచ్చిన. తట్టల ఎత్తి గీడ పోసింది గూడ నేనే."

ట్రాక్టర్ డ్రైవర్ ఇంజను ఆపేశాడు. నేను యాదమ్మ చేతిలోని గజ్జెను తీసుకుని చూశాను. లోపలంతా మట్టి బిగిసిపోయి ఉంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. కొంచెం కూడా మోగలేదు. మహాలక్ష్మి గారు కూడా అది గమనించారు. ఆ గజ్జె మోగే స్థితిలో లేదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఆ సంగతి అక్కడితో వదిలేశాం. ఇంతవరకూ మళ్లీ ఎత్తలేదు.

ప్రసాదరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పదకొండేళ్లు దీని మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నామండీ" అన్నారు.

మహాలక్ష్మి గారు నావైపు తిరిగారు. "మీకు తెలుసా సుదర్శనం గారూ?"

"తెలియదమ్మా."

"తెలియదా, అడగలేదా?"

బ్యాంకులో ఎన్ని వేల కాగితాలు చూసిన మనిషో. సరిగ్గా సంతకం లేని చోట వేలు పెట్టారు. "అడగలేదు" అన్నాను.

మట్టి ఎక్కడికి పోయింది

ఆవిడ గోడ పట్టుకుని నిలబడ్డారు. తర్వాత అన్నారు: "నేను రాతిమనిషిని కాదండీ. కానీ నిజం చెబుతున్నాను, దీన్ని ఇంట్లో పెట్టుకుని నేను నిద్రపోలేను. అలాగని ఆ బండిలో పంపనూ లేను. పంపితే ఇంకెప్పటికీ నిద్రపోలేను. మీరే ఏదో ఒకటి చేయండి."

అప్పుడు నేను పెద్దమనిషిలా ముందుకొచ్చాను. సంచుల్లో నింపి మా ఇంటికి పంపిస్తాను, మా పెరట్లో ఒక దిబ్బ కడతాను, యాదమ్మ ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు అన్నాను. చెప్పొద్దూ, ఆ మాట అంటున్నప్పుడు నా మీద నాకే గౌరవం కలిగింది. తప్పు చేశాను గానీ దిద్దుకుంటున్నాను కదా అనుకున్నాను.

యాదమ్మ తలెత్తి నన్ను చూసింది. కోపంగా కాదు. జాలిగా చూసింది.

"నీ ఇంట్ల ఎప్పటిసందో ఉన్నది సారూ. గా దినం భిక్షపతి రెండు లోడ్లు తెచ్చిండు. ఒకటి గీడ. రెండోది మట్టి మంచిగున్నదని నువ్వే నీ ఇంటికి మలిపినవ్. గదీ నేనే దించిన."

నిజమే. మలిపాను. మంచి మట్టి కనిపిస్తే ఒక బండి మనకూ మలుపుకోవడం మా పనిలో అందరికీ అలవాటే. ఆ మట్టి మీద వేసిన గడ్డిలోనే, కళ్లకు మంచిదని ఎవరో చెబితే, రోజూ తెల్లవారుజామున చెప్పుల్లేకుండా అటూ ఇటూ నడుస్తున్నాను. పదేళ్లకు పైగా. నా అరికాళ్లు అక్కడికక్కడే చల్లబడిపోయాయి.

"మరి నాకెందుకు చెప్పలేదు యాదమ్మా?"

"చెప్తే తీసి పారేపిస్తరు గద సారూ. ఎవలైన గంతే. గడ్డి కింద సల్లగ ఉన్నది, నీళ్లు తాగుతున్నది, ఉండనీ అనుకున్న."

మధ్యాహ్నం దాకా ఆ మట్టిని సంచుల్లో నింపాం. పారతో ఎత్తనివ్వలేదు ఆమె. చేతులతోనే ఎత్తింది. ప్రసాదరావు గారు లుంగీ ఎగ్గట్టి వచ్చి సంచుల మూతులు పట్టుకున్నారు. చెత్త ట్రాక్టర్ డ్రైవర్ ఏమీ అడగకుండా ఖాళీ బండితో వెళ్లిపోయాడు. మహాలక్ష్మి గారు లోపలికి పోయి, ఆఖరి సంచి ఆటో ట్రాలీలోకి ఎక్కేటప్పుడు బయటికి వచ్చి, అందులో ఒక బిస్కెట్ల పొట్లం పెట్టారు. పెట్టి గబగబా లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

ఇంటికొచ్చి మా ఆవిడ సరోజకు చెప్పాను. అరుస్తుందనుకున్నాను, పుట్టింటికి పోతానంటుందనుకున్నాను. విని, కిటికీలోంచి మా లాన్ వైపు చూసి, "పిల్ల పేరేంటన్నారు?" అని అడిగింది. అంతే. మర్నాడు పొద్దున చూస్తే, వాకిలి ముగ్గు పక్కన ఇంకో చిన్న ముగ్గు వేసి ఉంది.

వారం రోజుల్లో మా లాన్ మొత్తం పీకించాను. అడుగున ఉన్న మట్టినీ, సంచుల్లో వచ్చిన మట్టినీ ఒకచోట చేర్చి దిబ్బ కట్టాం. దాని చుట్టూ తంగేడు, నిమ్మగడ్డి, కలబంద, గడ్డిగులాబీ. వాన నీళ్లు దిబ్బను కోయకుండా వాలు తిప్పాను. నా ముప్ఫై రెండేళ్ల పనిలో అంత శ్రద్ధగా ఏదీ చేయలేదు. గజ్జెను యాదమ్మే మట్టిలో పెట్టింది. ఎక్కడ పెట్టిందో నేను చూడలేదు, తల తిప్పుకున్నాను.

చేతులు కడుక్కుంటుంటే ఆమె అడిగింది. "వీటికి రోజు నీళ్లు పొయ్యాల్నా సారూ?"

నాకు తెలిసిన విద్య అదే కదా, ఉత్సాహంగా చెప్పాను. "అక్కర్లేదు యాదమ్మా. వేళ్లు దిగేదాకనే. ఆ తర్వాత పది దినాలకు ఒక్కపారి పోసినా బతుకుతయి. వానలు పడితే గదీ వద్దు. ఎవ్వరూ చూడకున్నా వాటంతట అవే ఉంటయి."

ఆమె ముఖం వాడిపోయింది. ఇన్నేళ్లు దాచుకున్నది చెప్పినప్పుడు కూడా చెదరని ముఖం అది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దిబ్బ వైపే చూస్తూ నిలబడింది.

"గట్లయితే నేను ఏమని రావాలె సారూ? ఉత్తగ వస్తే నీకూ అమ్మకూ పరేషాన్ గద. రోజు నీళ్లడిగేది ఒక్కటి పెట్టు. జానెడంత పెట్టు సాలు. నేనొచ్చి పోస్త."

గోడ పక్కన చుట్టి పడేసిన గడ్డిలోంచి మూడు జానల ముక్క కోసి తెచ్చాను. దిబ్బ మీద పరిచి, అంచులు చేత్తో ఒత్తాను. నా చేతుల మీదుగా వేసిన ఆఖరి లాన్ అదే.

ఇప్పటికీ రోజూ పొద్దున యాదమ్మ చెంబెడు నీళ్లతో వస్తుంది. మొన్న ఒక కుర్రాడు, ఈ పనిలో చేరబోతున్నవాడు, సలహా కోసం వచ్చి అది చూసి నవ్వాడు. "అందర్నీ లాన్ తీసేయమని చెప్పి, మీరు మాత్రం ఉంచుకున్నారేంటి సార్?"

"అది నాది కాదు బాబూ, రేణుకది" అన్నాను.